తెర వెనుక కష్టానికి కాగితమేది?

వనపర్తి నుండి హైదరాబాదు వెళ్లి సినిమా షూటింగులలో లైట్లు మోసేవారు, సెట్లకు మేకులు కొట్టేవారు, దుస్తులు ఇస్త్రీ చేసేవారు మన ఇళ్లలోనూ ఉన్నారు. సంబంధాలు మాట్లాడేటప్పుడు మాత్రం "అబ్బాయి కరెంటు పని చేస్తాడు" అంటాము. ఈ దాపరికం వల్ల నష్టపోతున్నది ఆ అబ్బాయే.

2025 ఆగస్టులో 30 శాతం వేతన పెంపు కోరుతూ తెలుగు సినీ కార్మికులు 18 రోజులు పని నిలిపివేశారు. రోజుకు 2,000 రూపాయల లోపు వేతనం గలవారికి మూడేళ్లలో 22.5 శాతం పెంచేందుకు నిర్మాతలు అంగీకరించారు. ఆ ఒప్పందం 24 క్రాఫ్టుల ఫెడరేషన్ సాధించినది. మేస్త్రీ ఫోను చేయగానే బస్సెక్కే మన కుర్రవాడికి యూనియన్ కార్డు ఎక్కడిది?

రాతపూర్వక ఒప్పందం లేకుండా సినీ కార్మికుణ్ణి పనిలో పెట్టుకోరాదని 1981లోనే పార్లమెంటు చట్టం చేసింది. భవిష్యనిధి ప్రస్తావన కూడా అందులో ఉండేది. అయినా స్టాండు మీద నుండి పడి కాలు విరిగినవాడి చేతిలో, తాను ఎవరి వద్ద పనిచేశాడో చూపే చీటీ సైతం ఉండదు. జీవితమంతా దస్త్రాల నడుమ గడిపిన మాకు, అటువంటి దరఖాస్తు ఏ బల్ల వద్ద ఆగిపోతుందో చెప్పనక్కరలేదు.

సినిమా పని తగునా తగదా అన్న చర్చను ఉలమాలకు వదలుదాము. చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న విషయంలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు కదా! జుమా నమాజు తరువాత మస్జిదు కమిటీలు ఒక పుస్తకం తెరిచి, వెళ్లే పిల్లల పేర్లు, మేస్త్రీ ఫోను నంబరు, చిత్రం పేరు, పనిచేసిన రోజులు రాసి ఉంచాలి. ఆ రాత పనికి మేము సిద్ధము.