18 నిమిషాల పాట!

పాటన్నాక ఒక పల్లవి ఉండాలి, రెండు చరణాలుండాలి, నాలుగైదు నిమిషాల్లో ముగిసిపోవాలి. సినిమా పాటతో పెరిగిన మన చెవికి ఇదే లెక్క. అలాంటి చెవికి 18 నిమిషాల పాట వినిపిస్తే? “ఇంతకీ పాటెప్పుడు మొదలవుతుందండీ?” అని అడగడం ఖాయం. ప్రోగ్రెసివ్ రాక్, జాజ్ ఫ్యూజన్ అనే పేర్లు వినగానే సగంమంది దణ్ణం పెట్టి తప్పుకుంటారు. మిగతా సగంలో కొందరు అర్థమైనా కాకపోయినా కళ్ళు మూసుకుని తలూపేస్తారు. ఈ వారం ఇద్దరితోనూ కాస్త పేచీ పెట్టుకోవాలనుంది!

ముందు ఈ నిమిషాల గొడవ తేల్చుకుందాం. పాత 78 రికార్డు ఒక వైపున మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పట్టేది. పాట కొలత పుట్టిందక్కడే. 1948లో అమెరికాలో ఎల్.పి. రికార్డు వచ్చింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలు దాటి పట్టేది. ‘ఇంత చోటుండగా ముక్కలు ముక్కలుగా ఎందుకు?’ అనుకున్నారు 1960ల చివర ఇంగ్లండు కుర్రాళ్ళు కొందరు. రాక్ గిటారుకి సింఫనీ అంత నిడివి ఇచ్చారు. అదీ ప్రోగ్రెసివ్ రాక్. ఆ రోజుల్లోనే అమెరికాలో ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ జాజ్‌లోకి ఎలక్ట్రిక్ వాద్యాలు తెచ్చి, 1970లో ‘బిచెస్ బ్రూ’ ఆల్బం విడుదల చేశాడు. ఫ్యూజన్‌కి తలుపులు బార్లా తెరుచుకున్నాయి.

సరే, చోటు దొరికింది. మరి అందులో ఏం నింపారు? అసలు పరీక్ష అదే.

‘యెస్’ బృందం 1972లో ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ తెచ్చింది. రికార్డు మొత్తానికి మూడే పాటలు. మొదటి వైపంతా ఒకే పాట, 18 నిమిషాల పైమాటే. పిట్టల కూతలతో, నీటి గలగలతో మొదలై, ఉన్నట్టుండి గిటారు, బేసు, డ్రమ్ములు తలో దారిన పరుగందుకుంటాయి. మొదటిసారి గందరగోళంగానే ఉంటుంది, ఓపిక పట్టండి. నడుమకొచ్చేసరికి సందడంతా సద్దుమణిగి గొంతులు మాత్రం తేలుతూ ఉంటాయి. అప్పుడు చర్చి ఆర్గన్ ఒక్కసారిగా ఘొల్లుమంటుంది. ముందు ఆ నెమ్మది లేకపోతే ఆర్గన్‌కి అంత బలం ఎక్కడిది? పాట పొడుగు ఇక్కడ సార్థకమైంది. నా ఓటు దీనికి.

మరుసటి ఏడు ఇదే బృందం ‘టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్’ తెచ్చింది. రెండు రికార్డులు, నాలుగు వైపులు, వైపుకొక్క పాట! పరమహంస యోగానంద ఆత్మకథలో పేజీ అడుగున ఇచ్చిన ఒక వివరణ చదివి గాయకుడు జాన్ ఆండర్సన్‌కి ఈ ఊహ కలిగింది. ఊహ పెద్దదే. కానీ నిజం చెప్పొద్దూ, నాలుగు వైపులకు సరిపడా సరుకు లేదు. కీబోర్డు వాయించే రిక్ వేక్‌మన్‌కే విసుగెత్తింది. మాంచెస్టర్ కచేరీలో స్టేజీ మీదే మన దేశపు అన్నం, కూర తెప్పించుకుని తిన్నానని ఆయనే చెప్పుకున్నాడు! 1974లో బృందం వదిలేశాడు. వాయించేవాడికే ఆకలేస్తుంటే వినేవాడి గతేం కాను?

‘కింగ్ క్రిమ్సన్’ బృందం 1974లో తెచ్చిన ‘రెడ్’ ఆల్బంలో ‘స్టార్‌లెస్’ అనే 12 నిమిషాల పాట ఉంది. అందులో ఒకచోట గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ ఒకే స్వరాన్ని పట్టుకుని మీటుతూనే ఉంటాడు. వేళ్ళలో విద్య లేకనా? కాదు. పక్కన బేసు మెల్లగా బరువెక్కాలి, డ్రమ్ములు చిన్న చప్పుళ్ళ నుంచి ఉరుము దాకా ఎదగాలి. వాళ్ళకి చోటివ్వడం కోసం తన విద్యను జేబులో పెట్టుకున్నాడు. నా దృష్టిలో గొప్పతనమంటే అదీ!

ఇక ఫ్యూజన్. ‘బిచెస్ బ్రూ’లో గిటారు వాయించిన ఇంగ్లీషు వాడు జాన్ మెక్‌లాఫ్లిన్ 1971లో న్యూయార్క్‌లో ‘మహావిష్ణు ఆర్కెస్ట్రా’ పెట్టాడు. 1973 నాటి ‘బర్డ్స్ ఆఫ్ ఫైర్’ వినండి. మొదటి పాటే 18 మాత్రల లెక్కలో మెరుపులా దూసుకుపోతుంది. నోరెళ్ళబెట్టాల్సిందే! అయితే నాలుగు పాటలయ్యేసరికి గిటారు, వయొలిన్, సింథసైజర్ పందెం కాసుకుని పరిగెడుతున్నాయా అనిపిస్తుంది. ఆ ఏడాది చివరికే ఆ అయిదుగురూ విడిపోయారు.

తర్వాత మెక్‌లాఫ్లిన్ చేసిన పని చూడండి. ఎలక్ట్రిక్ గిటారు పక్కన పెట్టి, మామూలు గిటారుతో నేలమీద మఠం వేసుకుని కూర్చున్నాడు. ఎల్. శంకర్ వయొలిన్, జాకీర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం, రామ్‌నాడ్ రాఘవన్ మృదంగం. బృందం పేరు ‘శక్తి’. 1975 జూలైలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక కాలేజీలో చేసిన కచేరీయే 1976లో ఆల్బంగా వచ్చింది. అందులో మొదటి పాట ‘జాయ్’. ఇదీ 18 నిమిషాల పైమాటే! వేగం ‘బర్డ్స్ ఆఫ్ ఫైర్’కి ఏమాత్రం తీసిపోదు. తేడా ఎక్కడంటే, ఇక్కడ ఒకరు పలికింది ఇంకొకరు విని మరీ జవాబిస్తారు. మన కచేరీల్లో మృదంగం, ఘటం మాట్లాడుకుంటాయి చూశారూ, అచ్చం అలాగే. డాక్టర్ ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు కదా, ఆ వినయం గిటారులో వినిపిస్తుంది.

ఈ కథలో మన వాటా కూడా ఉందండోయ్! ఏళ్ళ తర్వాత ‘రిమెంబర్ శక్తి’ పేరుతో మళ్ళీ బృందం కట్టినప్పుడు మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చున్న మాండొలిన్ విద్వాంసుడు మన పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్. 2000లో వచ్చిన ‘ది బిలీవర్’లో ఆ మాండొలిన్ గిటారుని ఎక్కడా తొక్కెయ్యదు, ఎక్కడా వెనకబడదు. 2014లో 45 ఏళ్ళకే శ్రీనివాస్ వెళ్ళిపోయారు. 2023లో వచ్చిన ‘శక్తి’ ఆల్బం ‘దిస్ మొమెంట్’కి 2024 ఫిబ్రవరిలో గ్రామీ దక్కింది. ఆ ఏడాది డిసెంబరులో జాకీర్ హుస్సేన్ కూడా కన్నుమూశారు. వాళ్ళు ఒకర్నొకరు ఎంత శ్రద్ధగా విన్నారో చెప్పడానికి ఇప్పుడు ఈ ఆల్బంలే సాక్ష్యం.

కాబట్టి కుర్రకారుకి నా సలహా ఒక్కటే. ఎవరు ఎంత వేగంగా వాయించారో లెక్కపెట్టకండి. ఒకరు వాయిస్తుంటే పక్కవాళ్ళు ఏం చేస్తున్నారో చెవిన వేసుకోండి. మొదటిసారి విన్నప్పుడు అబ్బురపరిచేది వేగం. పదోసారి కూడా మళ్ళీ పెట్టుకోవాలనిపించేది ఆ పక్కవాళ్ళ శ్రద్ధ. వాళ్ళంత శ్రద్ధగా వాయిస్తే, మన వంతుగా మనమూ కాస్త వినొద్దూ? ఇరవై సెకన్లకోసారి పాట మార్చే వేలికి ఈ ఆదివారం సెలవిచ్చి, ‘క్లోజ్ టు ది ఎడ్జ్’, ‘జాయ్’ ఒకదాని తర్వాత ఒకటి వినండి. రెండూ కలిపి నలభై నిమిషాలు కూడా కావు, సినిమా ఇంటర్వెల్‌కి ఇంకా బోలెడు టైముంటుంది!

నచ్చకపోతే నన్ను తిట్టుకోండి, పాటని మాత్రం మధ్యలో ఆపకండి.