కర్సర్ ఎక్కడుంది?

తాండూరులో ఒక నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ అనుకోండి. బయట లారీలోకి బండలు ఎక్కిస్తున్నారు. లోపల గుమాస్తా కంప్యూటర్లో బిల్లు కొడుతున్నాడు. కొలత గడిలో ముందు 800 చదరపు అడుగులని వేశాడు. ఇంతలో అసలు కొలత 1,200 అని కబురొచ్చింది. దిద్దుదామని మౌసు బాణాన్ని ఆ గడి మీద పెట్టి, క్లిక్ చేయడం మరిచి, అంకె కొట్టేశాడు. అది కాస్తా ధర గడిలో పడింది! బిల్లు 9,60,000 రూపాయలు. ‘సేటూ, గిది బండల బిల్లా, బంగారం బిల్లా?’ అని కొనేవాళ్లు అడిగేదాకా ఎవరూ చూసుకోలేదు.

కీబోర్డు చెడిపోలేదు, వైరసూ రాలేదు. తెర మీద ఎన్ని విండోలున్నా, ఎన్ని గడులున్నా కీబోర్డు ఒక్కటే. మనం కొట్టే అక్షరాలు ఒకసారికి ఒక్కచోటికే వెళతాయి. ఆ చోటునే ‘ఫోకస్’ అంటారు. మౌసు బాణం ఉన్నచోటే అక్షరాలు పడతాయని చాలామంది అనుకుంటారు. కాదు, మిణుకుమిణుకుమనే నిలువు గీత ఉన్నచోట పడతాయి. ఫోకస్ బటన్ మీద ఉంటే ఆ గీత కనపడదు. బటన్ చుట్టూ చుక్కల గీతో, రంగు అంచో కనిపిస్తుంది.

ఒక గడి నుంచి మరో గడికి వెళ్లడానికి ట్యాబ్ మీట ఉంది. టైప్‌రైటర్ మీద పట్టికలు కొట్టడానికి పుట్టిన మీట ఇది. లోయర్, హయ్యర్ పరీక్షలు రాసినవారికి పాత నేస్తమే. వెనక్కి రావాలంటే షిఫ్ట్ పట్టుకుని ట్యాబ్ నొక్కాలి. టిక్కు పెట్టాలంటే స్పేస్ నొక్కితే చాలు.

మరి కొన్ని సాఫ్ట్‌వేర్లలో ట్యాబ్ కొడితే కోతిలా ఎక్కడెక్కడికో ఎందుకు గెంతుతుంది? విజువల్ బేసిక్ వంటి సాధనాల్లో గడులకు వరస నంబర్లుంటాయి. ఏ గడి ముందు తయారైతే దానికి ముందు నంబరు. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ నంబరు గడిని తెచ్చి ఫారం మధ్యలో ఇరికించారనుకోండి. కంటికి మధ్యలోనే ఉంటుంది గానీ ట్యాబ్ అన్నీ తిరిగి చివర్లో అక్కడికి చేరుతుంది. సరిచేయడం ప్రోగ్రామరుకు కాసేపటి పని. అయినా చాలామంది చేయరు!

1986లో మొదలైన ట్యాలీది వేరే దారి. అక్కడ ఎంటర్ కొడితే తర్వాతి గడి వస్తుంది. అమ్మకాల వోచరుకు ఎఫ్8, తేదీకి ఎఫ్2. అలవాటైన అకౌంటెంటు మౌసు ముట్టుకోడు. చిక్కల్లా అదే చేత్తో వేరే సాఫ్ట్‌వేరు ముందు కూర్చున్నప్పుడే. అక్కడ చాలాచోట్ల ఎంటర్ అంటే ‘ఓకే’ అని అర్థం. సగం నింపిన ఫారం వెళ్లిపోతుంది.

పాస్‌వర్డ్ కొడుతుంటే హఠాత్తుగా మరో విండో ముందుకొచ్చి, మిగతా అక్షరాలు అందులో పడటం ఇంకో తలనొప్పి. విండోస్ 98 నుంచి మైక్రోసాఫ్ట్ దీనికి కొంత కట్టడి పెట్టింది. పిలవని పేరంటానికి వచ్చిన ప్రోగ్రాము ముందుకు దూకకుండా, కింద టాస్క్‌బార్‌లో మెరుస్తూ కూర్చోవాలి. అన్నీ మాట వింటాయని కాదు.

తెలుగులో కొట్టేవారికి భాష బాధ కూడా ఉంది. విండోస్ 7 వరకు ఏ విండోలో పెట్టిన భాష ఆ విండోకే ఉండేది. విండోస్ 8 నుంచి అన్నిటికీ ఒకటే అయింది. ఉత్తరం తెలుగులో రాసి బిల్లులోకి వస్తే లారీ నంబరు కూడా తెలుగులోనే పడుతుంది. విండోస్ మీట పట్టుకుని స్పేస్ నొక్కితే భాష మారుతుంది. పాత పద్ధతే కావాలంటే సెట్టింగ్స్‌లో పెట్టుకోవచ్చు.

ఇవన్నీ చూపున్నవారికి చికాకులు. చూపులేనివారికైతే ఫోకస్సే కళ్లు. ఆస్ట్రేలియాలో అంధుడైన మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఫోకస్ ఏ గడిలో ఉంటే దాని పేరు చదివి వినిపిస్తుంది. తెలుగూ చదువుతుంది. ట్యాబ్ చేరని బటన్ వాళ్లకు లేనట్టే. ఆ బటన్ ‘సేవ్’ అయితే, బిల్లు మొత్తం తప్పులేకుండా నింపిన మనిషి కూడా పక్కవారిని పిలవాల్సిందే.

కొట్టుకు కొత్త సాఫ్ట్‌వేర్ అమ్మజూపితే ముందు మౌసు పీకి పక్కన పెట్టండి. వచ్చినాయన్నే ఒక బిల్లు మొదటి నుంచి ప్రింటు దాకా కొట్టి చూపించమనండి.