ఖాళీ నంబరు జోలికి వెళ్లకండి

హైదరాబాద్ నుంచి ముంబయి హైవే మీద వెళ్లినవాళ్లకి జహీరాబాద్ దాటాక వచ్చే చిరాగ్‌పల్లి గుర్తుండే ఉంటుంది. కర్ణాటక సరిహద్దు అది. 2017 జులైలో జీఎస్టీ వచ్చి వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేసేదాకా లారీలు ఆగి కాగితాలు చూపించాల్సిన చోటు. అలాంటి చెక్‌పోస్టులో కంప్యూటర్ ముందు మీరే కూర్చున్నారనుకోండి. వచ్చిన ప్రతి లారీనీ నమోదు చేయాలి. లారీ నంబరుంది కదా, చాలదా? చాలదు. అదే లారీ నెలలో పదిసార్లు రావచ్చు. అందుకే ప్రతి రాకకూ ఓ వరుస నంబరు. దాన్ని మీరు టైపు చేయనక్కర్లేదు, డేటాబేసే ఒకటి కలుపుతూ ఇస్తుంది. ఇదే 'ఆటో ఇంక్రిమెంట్'. ఆ నంబరుండే గడి 'ప్రైమరీ కీ'.

57వ నమోదు మధ్యలో రద్దయింది. తర్వాతి లారీకి 58 వచ్చింది. అప్పుడు మొదలవుతుంది చెయ్యి దురద... మధ్యలో ఖాళీ ఎందుకు, 57ని ఇంకో లారీకి ఇచ్చేద్దామని! వద్దు. ఆ నంబరున్న చీటీ అప్పటికే ఏ డ్రైవర్ జేబులోనో ఉండొచ్చు. జరిమానాల పట్టికలో 57 పేరిట బాకీ ఉండొచ్చు. కొత్త లారీని అక్కడ కూర్చోబెడితే పాత బాకీ దాని నెత్తిన పడుతుంది. నంబర్లు అయిపోతాయన్న బెంగా అక్కర్లేదు. మామూలు 'ఇంట్' గడిలోనే 214 కోట్ల పైచిలుకు పడతాయి. రోజుకు వెయ్యి లారీలొచ్చినా 5,800 ఏళ్లు!

మనం జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి సాఫ్ట్‌వేరే ఈ పని చేస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో చివరి వరసను చెరిపేసి సర్వర్‌ను ఆపి మళ్లీ నడిపితే, 'ఇన్నోడీబీ' పట్టికల్లో చెరిపేసిన నంబరే మళ్లీ వచ్చేది. లెక్కను డిస్కు మీద రాసుకోకపోవడమే కారణం. 2003లోనే ఫిర్యాదు అందినా, సరిదిద్దింది 2018లో వచ్చిన 8.0 వెర్షన్‌లో. పదిహేనేళ్లు!

ఇంతకీ, మీ అబ్బాయి షాపుకి బిల్లింగ్ ప్రోగ్రాం రాసిపెడతానంటే ఒక్క మాట చెప్పండి. జీఎస్టీ నిబంధనల ప్రకారం ఇన్వాయిస్ నంబర్లు వరుసగా ఉండాలి. ఆటో ఇంక్రిమెంట్‌లో ఖాళీలు తప్పవు. కాబట్టి దాన్నే బిల్లు నంబరుగా అచ్చు వేయకుండా, బిల్లు నంబరుకి వేరే గడి పెట్టమనండి. బిల్లు రద్దయితే పాత బిల్లు పుస్తకంలో చేసినట్టే 'క్యాన్సిల్డ్' అని గుర్తుపెట్టి, ఆ వరసను అలాగే ఉంచమనండి.