పుట్టిన సంవత్సరము

బాలబాలికలారా! నేను ముప్పది యేండ్లకు పైగా ఉపాధ్యాయవృత్తియందుంటిని. అందు కొన్నియేండ్లు ప్రధానోపాధ్యాయుడనుగా పనిచేసితిని. జూన్ మాసమున బడులు తెరచినపుడు ప్రవేశముల రిజిస్టరు నా బల్లపై నుండెడిది. బిడ్డలను చేర్పింపవచ్చిన తండ్రులలో కొందఱు, "అయ్యవారూ, పుట్టిన సంవత్సరము రెండేండ్లు తగ్గించి వ్రాయుడు. రేపు ఉద్యోగమునకు పనికివచ్చును" అని బ్రతిమాలెడివారు. నేను ఒప్పుకొనెడివాడను గాను. బిడ్డను గూర్చి బడిలో వ్రాయు మొదటి మాటయే అబద్ధమైనచో, పిమ్మట నేర్పు పాఠములకు విలువ యేమున్నది?

ఆ కాలము గడచినదని తలచితిని. కాని 2025 వేసవిలో ఒకనాడు ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సుకొఱకు వేచియుండగా, నా పూర్వవిద్యార్థి యొకడు కనబడెను. వాని ప్రక్కన పదునొకండేండ్ల కుమారుడు సెల్‌ఫోనులో ఇన్‌స్టాగ్రామ్ ఖాతా తెరచుచుండెను. "నాయనా, పుట్టిన సంవత్సరము అడుగుచున్నది" అని బాలుడనెను. తండ్రి క్షణమైనను ఆలోచింపక, "2000 అని వేయుము" అనెను. "నేను పుట్టినది 2014లో గదా?" అని బాలుడు ప్రశ్నించెను. తండ్రి నా వంక జూచి నవ్వి, "నిజము వ్రాసిన అది తెరచుకొనదు అయ్యవారూ! ఊరిలో పిల్లలందఱకును ఉన్నది. మావాడొక్కడే వెనుకబడిపోవును" అని చెప్పెను. 2000వ సంవత్సరమున ఆ తండ్రియే నా యెదుట ఎనిమిదవ తరగతిలో కూర్చుండియుండెను!

నాడు తండ్రులు వయస్సు తగ్గింపగోరిరి, నేడు పెంచుచున్నారు. నాటి అబద్ధమువలన బిడ్డకు కీడు కలుగునని వారు భయపడలేదు. నేటి అబద్ధము మాత్రము నేరుగా బిడ్డకే కీడు చేయును. అదెట్లో వినుడు.

అమెరికా దేశమున 1998లో, 13 ఏండ్లు నిండని పిల్లల వివరములను తల్లిదండ్రుల సమ్మతిలేక సేకరింపరాదని చట్టము చేసిరి. నాటినుండి ఇట్టి సంస్థలు పెక్కు 13 ఏండ్లనే కనీసపు వయస్సుగా పెట్టుకొన్నవి. ఇన్‌స్టాగ్రామ్ 2024లో కౌమార వయస్కులకు ప్రత్యేకమైన ఖాతాల నేర్పరచి, 2025లో మన దేశమునకును విస్తరింపజేసినది. ఆ ఖాతాలలో అపరిచితులు ఊరక సందేశములు పంపజాలరు. బాలుడు పెట్టిన చిత్రములను అందఱును చూడజాలరు. కాని 2000లో పుట్టితినని వ్రాసిన బాలుని ఆ యంత్రము ఇరువదియైదేండ్ల యువకునిగా నెంచును. పిల్లలకు కట్టిన కంచె వానికి వర్తింపదు. ఆ కంచెను దొంగ తొలగింపలేదు, కన్నతండ్రియే తొలగించెను.

చట్టములు వచ్చుచున్నవి. 2023లో భారత పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, 18 ఏండ్లు నిండనివారిని బాలలుగా నెంచి, వారి వివరములను వాడుటకు తల్లిదండ్రుల సమ్మతి యుండవలెనని విధించినది. ఆస్ట్రేలియా దేశము 2025 డిసెంబరు 10 నుండి 16 ఏండ్లలోపు పిల్లలకు సామాజిక మాధ్యమ ఖాతాలు ఉండరాదని కట్టడి చేసినది. 2026 జనవరిలో మన రాష్ట్ర మంత్రి నారా లోకేశ్ ఇట్టి చట్టమును గూర్చి ప్రభుత్వము పరిశీలించుచున్నదని తెలిపిరి. ఇవి మంచివే. కాని తల్లిదండ్రుల సమ్మతిపై నిలిచిన చట్టమునకు తల్లిదండ్రులే అబద్ధము చెప్పినచో, కంచెయే చేను మేసినట్లగును.

తల్లిదండ్రులను నిందించుట నా యుద్దేశము గాదు. మన మెట్టప్రాంతమునుండి బ్రతుకుతెరువునకై దూరదేశములకేగిన తండ్రులు గలరు. వారి ముఖము బిడ్డలకు ఫోనులోనే కనబడును. 2020లో కరోనావలన బడులు మూతపడినపుడు, పాఠములకై ఫోను కొనుడని చెప్పినవారము ఉపాధ్యాయులమైన మేమే. ఆ బాధ్యతను నేను తప్పించుకొనను. అయినను తండ్రితో మాటలాడుటకు ఫోను చాలును. పాఠము వినుటకు ఫోను చాలును. బిడ్డకు సొంత ఖాతా అక్కఱలేదు.

వెనుకబడుదురను భయమును సరికాదు. ఖాతా నడుపుటను 16వ యేట మొదలిడినను ఒక్క దినమున నేర్వవచ్చును. కాని రాత్రులందు పోయిన నిద్రయు, చెడిన చదువును, అపరిచితుని చేతికి చిక్కిన చిత్రమును ఒక్క దినమున తిరిగి రావు.

ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూనులు దేశమంతట పేరెన్నికగన్నవి. పనితెలిసినవాడు చిన్నవాని చేతికి మొదటనే పదునైన ఉలినిచ్చి లేచిపోడు. ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూపును. చేయి కుదిరినపిమ్మటనే ఉలినిచ్చును. ఫోను విషయమునను ఇదే పద్ధతి మేలు. అది పెద్దల పేరనే యుండవలెను. పిల్లలు దానిని నలుగురున్న చోట, పెద్దలు విధించిన వేళనే చూడవలెను.

బాలబాలికలారా! మీలో పలువురకు 13 ఏండ్లు నిండియుండును. మీ తమ్ముడో చెల్లెలో ఖాతా తెరువబోయినపుడు, "నాయనా, నిజమైన సంవత్సరమే వేయుదము. తెరచుకొననిచో ఆగుదము" అని మీరు చెప్పుడు. ఆ మాట పెద్దలకు చెప్పుట అవిధేయత గాదు. బస్టాండులోని ఆ బాలునికి నిజము తెలియును. తాను 2014లో పుట్టితినని వాడే చెప్పెను. ఆ నిజమును నిలుపుకొనుటకు వానికి పెద్దల తోడు కావలసియుండెను.