చాకలి పద్దు

పెళ్లింట్లో రవ్వల ఉంగరం పోయింది. మగపెళ్లివారింకా విడిదిలోనే ఉన్నారు, అప్పగింతలు కాలేదు. పరుపులు దులిపారు, జంబుఖానాలు ఎత్తి చూశారు, స్నానాల గది తూములో చెయ్యి పెట్టి కెలికారు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. అయినా అంట్లు తోమే మనిషి తనంతట తానే లేచి వచ్చి, కొంగు విదిలించి, రొంటిన దోపుకున్న చిన్న సంచీ తీసి అందరి ముందూ బోర్లించింది. ఆకూ వక్కా, మూడు పది రూపాయల నోట్లూ రాలాయి. దీపాలు పెట్టే వేళకి ఇంటావిడ హాల్లోకి వచ్చి, "దొరికిందిలెండి, బీరువా కిందకి దొర్లిపోయింది" అంది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఏదీ, చూపించమని ఎవరూ అడగలేదు. ఇలాంటి ఇల్లు మనలో చాలామందికి తెలుసు. ఆ ఉంగరం ఆ తర్వాత ఎవరి వేలికీ కనిపించలేదన్న సంగతీ తెలుసు.

దీన్ని మనం గుట్టు అంటాం. గుట్టుగా కాపురం చేసుకుంటోందంటే మెచ్చుకోలు. గుట్టు రట్టయిందంటే పరువు పోయినట్టు. ఇంటిగుట్టు లంకకు చేటని సామెత కూడా చేసిపెట్టుకున్నాం. గుట్టు విప్పిన తమ్ముడికే చివరికి లంక దక్కిందన్న ముక్కను మాత్రం సామెతలోకి రానివ్వలేదు. డిటెక్టివ్ నవల బతికేది ఈ గుట్టు మీదే. తుపాకులూ వేలిముద్రలూ పైపై సరంజామా. ఇంట్లో నలుగురికి తెలిసి, నలుగురూ నోరు మెదపని సంగతి ఒకటుంటే తప్ప కథ నడవదు.

అద్దె పుస్తకాల షాపులో కొమ్మూరి సాంబశివరావు నవల తెచ్చుకుని, లెక్కల పుస్తకం మధ్యలో దాచి, డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజుల వెంట తిరిగిన తరం మనది. ఆ పుస్తకాలకు ఒక శాపం ఉండేది. మనకంటే ముందు చదివిన మహానుభావుడెవరో మొదటి పేజీలోనే పెన్సిలుతో హంతకుడి పేరు రాసిపెట్టేవాడు. ఇవాళ మేమూ కొంతవరకు ఆ పాపానికి ఒడిగట్టక తప్పడం లేదు. నూటయాభై ఏళ్లు దాటిన రహస్యం కాబట్టి సగం చెప్పినా తప్పులేదనుకుంటాం. మిగతా సగం పుస్తకంలోనే ఉంచేస్తాం.

ఆ నవల విల్కీ కాలిన్స్ రాసిన 'ది మూన్‌స్టోన్'. 1868 జనవరి నుంచి ఆగస్టు దాకా డికెన్స్ నడిపిన 'ఆల్ ది ఇయర్ రౌండ్' వారపత్రికలో వారం వారం వచ్చింది. ఇంగ్లిష్ డిటెక్టివ్ నవలల్లో మొదటిదీ మేటిదీ ఇదేనని టీఎస్ ఎలియట్ అంతటివాడు అన్నాడు. రేచెల్ అనే అమ్మాయికి పద్దెనిమిదో పుట్టినరోజున మేనమామ వీలునామా ప్రకారం పెద్ద పసుపుపచ్చ వజ్రం వస్తుంది. ఆ రాత్రే పోతుంది. యార్క్‌షైర్ సముద్రపు ఒడ్డున ఉన్న ఆ బంగళాకి లండన్ నుంచి సార్జెంట్ కఫ్ వస్తాడు. బక్కపల్చటి మనిషి, గులాబీలంటే ప్రాణం. రేచెల్ గది తలుపుకి ఆ రోజే రంగు వేశారు. అది ఆరకముందే ఎవరి బట్టో తగిలి ఒకచోట చెరిగింది. ఎవరి బట్టకి రంగంటితే వాడే దొంగ. కఫ్ భూతద్దం తీయలేదు, పిస్తోలు తీయలేదు. ఇంట్లోంచి ఉతుక్కి వెళ్లే బట్టల పుస్తకం తెమ్మన్నాడు. మన మాటలో చెప్పాలంటే చాకలి పద్దు.

ఈ ఆలోచన కాలిన్స్‌కి ఊరికే రాలేదు. ఎనిమిదేళ్ల ముందు, 1860 జూన్ చివర్లో, ఇంగ్లాండ్‌లోని రోడ్ అనే పల్లెటూళ్లో కెంట్ అనే పెద్దింట్లో నాలుగేళ్లయినా నిండని పసివాణ్ణి రాత్రికి రాత్రి ఎవరో చంపేశారు. లోపలివాళ్ల పనేనని తేలిపోతోంది. స్కాట్లండ్ యార్డ్ నుంచి జోనథన్ విచర్ వచ్చాడు. 1842లో డిటెక్టివ్ శాఖ పెట్టినప్పుడు తీసుకున్న ఎనిమిది మందిలో ఒకడు. ఆయనా బట్టల లెక్కే అడిగాడు. పదహారేళ్ల సవతి అక్క కాన్‌స్టన్స్‌కి ఉండాల్సిన మూడు నైట్‌గౌన్లలో ఒకటి లేదు. బుట్టలో వేశామని ఇంట్లోవాళ్లు, తనకి చేరలేదని బట్టలుతికే ఆమె. విచర్ ఆ అమ్మాయిని అరెస్టు చేశాడు. ఊరూ పత్రికలూ మండిపడ్డాయి. తోటమాలి కొడుకు, పోలీసు జీతగాడు, మర్యాదస్తుల ఇంట్లో చొరబడి ఆడపిల్ల బట్టల లెక్క అడగడమేమిటన్నది ఆ కోపం సారాంశం. మేజిస్ట్రేట్లు ఆమెను వదిలేశారు. విచర్ పేరు చెడింది, నాలుగేళ్లకే ఉద్యోగంలోంచి తప్పుకున్నాడు. 1865లో కాన్‌స్టన్స్ తనకు తానే వచ్చి నేరం ఒప్పుకుంది.

ఆ ఇంటి లోపలి కథ కూడా గుట్టే. ఇంటి యజమాని మొదటి భార్యకు మతి చలించిందన్నారు. ఆమె బతికుండగానే ఇంట్లో పెత్తనం పిల్లలకు చదువు చెప్పే గవర్నెస్ చేతికొచ్చింది. ఆమె పోయాక ఆ గవర్నెస్సే సవతి తల్లయింది. కాన్‌స్టన్స్, తమ్ముడు విలియమ్ ఒకసారి ఇల్లు వదిలి పారిపోయారు, ఆ పిల్ల జుట్టు కత్తిరించుకుని మగపిల్లాడి బట్టలేసుకుని మరీ. ఒప్పుకున్నప్పుడు ఆమె, అంతా నేనొక్కదాన్నే చేశానంది. తమ్ముణ్ణి కాయడానికే అలా అందేమోనన్న అనుమానం ఇప్పటిదాకా తీరలేదు. 2008లో ఈ కేసు మీద పుస్తకం రాసిన కేట్ సమ్మర్‌స్కేల్ కూడా ఆ అనుమానం దగ్గరే ఆగింది. ఇరవై ఏళ్లు జైల్లో ఉండి బయటికొచ్చాక కాన్‌స్టన్స్, తమ్ముడు వెళ్లిన ఆస్ట్రేలియాకే వెళ్లింది. పేరు మార్చుకుని నర్సయింది. 1944లో నూరేళ్లు నిండి పోయింది. ఆమె సేవ అందుకున్న రోగులకు ఆ చేతుల వెనకటి కథ తెలియదు. ఆమె నిజం చెప్పిందా, ప్రేమకొద్దీ సగం చెప్పిందా అన్నది ఏ పద్దులోనూ లేదు.

నవలకి వస్తే, కాలిన్స్ ఈ కేసుని తలకిందులు చేశాడు. బయట విచర్ చెప్పింది నిజం, లోకం నమ్మలేదు. నవల్లో కఫ్ ఇంటి అమ్మాయినే అనుమానిస్తాడు, అతని లెక్క తప్పుతుంది. అందరి అలమరాలూ వెతకడానికి ఒప్పుకున్న ఇంట్లో రేచెల్ ఒక్కతే నా గది ముట్టుకోవద్దంటుంది. అప్పులు తీర్చుకోడానికి తన వజ్రాన్ని తనే దాచేసిందని కఫ్ తేల్చేస్తాడు. నా కూతురు అలాంటిది కాదని తల్లి అతని ఫీజు చెక్కిచ్చి సాగనంపుతుంది. రేచెల్ ఎందుకు మాట్లాడదంటే, దొంగని కళ్లారా చూసింది. అర్ధరాత్రి కొవ్వొత్తి పట్టుకుని వచ్చి వజ్రం తీసుకెళ్లింది ఫ్రాంక్లిన్, తను మనసిచ్చిన పెద్దమ్మ కొడుకు. తెల్లారాక అందరికంటే హడావిడిగా పోలీసులకు కబురుపెట్టిందీ వెతికించిందీ అతనే. దొంగిలించడం ఒక ఎత్తు, ఈ నటన ఇంకో ఎత్తు. ఆమె మనసు అక్కడ విరిగింది. అయినా అతని పేరు చెప్పలేదు. తల్లికి కూడా చెప్పలేదు. ఏడాది తిరక్కుండా ఆ తల్లి అసలు సంగతి తెలియకుండానే కన్నుమూసింది.

ఆ ఇంట్లో నోరు మూసుకున్న మనిషి ఇంకొకరున్నారు. పనిమనిషి రోజానా, ఒకప్పుడు దొంగతనం చేసి జైలుకెళ్లొచ్చిన పిల్ల. ఫ్రాంక్లిన్ అంటే ఆమెకి చెప్పుకోలేని ప్రేమ. అతనికి ఆమె ఉందన్న స్పృహే లేదు. పక్క సర్దుతుంటే రంగంటిన నైట్‌గౌను దొరికింది. ఒక్క మాట చెబితే తన మీది అనుమానం పోతుంది. చెప్పలేదు. రాత్రంతా మేలుకుని అచ్చం అలాంటిదే కొత్తది కుట్టి పెట్టింది, పద్దులో లెక్క సరిపోవాలి కదా. పాతదాన్ని రేకు పెట్టెలో పెట్టి సముద్రపు ఒడ్డున ఊబిలో దించింది. తర్వాత తనూ ఆ ఊబిలోనే దిగిపోయింది.

ఏడాదికి ఫ్రాంక్లిన్ తిరిగొచ్చి, దొంగని పట్టి తీరతానని మళ్లీ మొదలుపెడతాడు. రోజానా రాసిపెట్టిన చీటీ ఆధారంగా ఊబి అంచున రాయి పక్కన తడిమి, గొలుసు పట్టుకుని లాగుతాడు. పెట్టె తెరుస్తాడు. గౌను విప్పి పరుస్తాడు. రంగు మరక ఉంది. ఇక ఎవరిదో తేలాలి. మన బట్టల మీద చాకలి పెట్టే గుర్తులాగా, దానిమీదా యజమాని పేరు కుట్టి ఉంటుంది. ఇసక మీద మోకరిల్లి వెతికి చదువుతాడు. అది అతని పేరే.

అతను అబద్ధం ఆడటం లేదు. అతనికి నిజంగానే తెలియదు. ఆ రాత్రి విందుకొచ్చిన ఒక డాక్టరు వేళాకోళానికి అతని గ్లాసులో నల్లమందు కలిసేలా చేశాడు. ఆ మత్తులో లేచి, వజ్రానికి ప్రమాదముందన్న దిగులుకొద్దీ దాన్ని భద్రం చేయబోయాడు. అతని చేతిలోంచి అది ఎక్కడికి పోయిందన్నదే మేం చెప్పకుండా ఉంచేసిన సగం. ఎన్నిసార్లు చదివినా మమ్మల్ని ఆపేసేది ఈ చోటే. రేచెల్ చూసింది నిజం. అనుకున్నదే తప్పు. "నువ్వెందుకు తీశావు?" అని ఆ పొద్దున్నే నిలదీసి ఉంటే రోజానా బతికేది, తల్లి కుమిలిపోకుండా పోయేది. ఆ మాట అడగనివ్వనిది ద్వేషం కాదు. అతని పరువు కాపాడాలన్న తాపత్రయం. పరాయివాణ్ణయితే నిమిషంలో అడిగేసి ఉండేది. మన మనిషి కాబట్టే గొంతు దాటలేదు.

కాలిన్స్‌కి ఈ గుట్టు దాచే విద్య బయటినుంచి నేర్చుకోవాల్సిన పని లేదు. చదివింది లా. అందుకే కథని సాక్షుల వాంగ్మూలాల్లా ఒక్కొక్కరి చేతా రాయించాడు, ఎవరికెంత తెలుసో అంతే. ఈ నవల రాస్తున్నప్పుడే తల్లి పోయింది. తను కీళ్లవాతంతో మంచం పట్టాడు, నొప్పికి నల్లమందు తాగుతూ కొంత భాగం పక్కవాళ్లతో రాయించాడు. పెళ్లి చేసుకోలేదు గానీ రెండు కాపురాలు నడిపాడు. కారొలిన్ గ్రేవ్స్‌తో ఒక ఇల్లు, మార్తా రడ్‌తో ఇంకో ఇల్లు. రెండో ఇంటికి వెళ్లినప్పుడు అతను కాలిన్స్ కాదు, మిస్టర్ డాసన్. అక్కడి ముగ్గురు పిల్లలదీ ఆ ఇంటిపేరే. 1889లో పోయినప్పుడు వీలునామా తెరిస్తే ఆస్తి రెండు కుటుంబాలకూ పంచి రాసి ఉంది. బతికుండగా దాచుకున్నది కాగితం మీద గుమాస్తా చదివే మాటల్లో బయటపడింది. తప్పుపట్టాలని కాదు. రెండు గుమ్మాల మధ్య తిరిగినవాడికి, తలుపు మీది చెరిగిన రంగు ఎంత మాట్లాడుతుందో తెలిసే ఉంటుంది.

ఒక్క సంగతి మాత్రం మనం వదిలిపెట్టకూడదు. ఆ వజ్రం రేచెల్ మేనమామకి ఎక్కడిది? 1799 మేలో శ్రీరంగపట్నం కోట కూలిన రోజు, కొల్లగొట్టిన సొత్తులోంచి మనిషిని చంపి తెచ్చుకున్నది. అది చూసిన దాయాది బయటపెట్టడు, సొంత కుటుంబానికే తెలిసేలా కాగితం మీద రాసి ఊరుకుంటాడు. నవల మొదలయ్యేదే ఆ కాగితంతో. వజ్రం కల్పన. కోట మాత్రం కల్పన కాదు. ఆ యుద్ధంలో నిజాం సైన్యం కంపెనీ పక్కన నిలబడింది. టిప్పు రాజ్యంలోంచి నిజాం వాటాకొచ్చిన తెలుగు సీమలు మరుసటేడే కంపెనీ చేతికి పోయి దత్తమండలాలయ్యాయి. కోహినూర్ కథ కూడా తన మనసులో ఉందని కాలిన్స్ ముందుమాటలో రాసుకున్నాడు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని మనం చెప్పుకునే రాయి అది. ఆ బంగళాలో వాళ్లంతా దొంగ ఎవరని ఏడాదిపాటు ఒకరినొకరు అనుమానించుకున్నారు. వజ్రమే దొంగసొత్తన్నది, దాన్ని వెతుక్కుంటూ దేశాలు దాటొచ్చిన ముగ్గురు బ్రాహ్మలకు తప్ప ఎవరికీ పట్టలేదు.

పెళ్లింటి మాట సగంలో వదిలేశాం. వారం తిరిగాక ఇంటావిడ బీరువా తీసి, పెద్దగా కట్టని ఓ నేతచీర మడత విప్పకుండానే అంట్లు తోమే మనిషి చేతిలో పెట్టింది. పండగ కాదు, పబ్బం కాదు. ఎందుకమ్మా అని ఆమె అడగలేదు. చీర చంకన పెట్టుకుని, పెరట్లోకి వెళ్లి, మిగిలిన గిన్నెలు బోర్లించి వెళ్లిపోయింది.