పేట మాట – 17: గీకుడు పనికి కూలి పెంచితే సరిపోదు



ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మర పడవలకు వేట నిషేధం. పడవలు గట్టెక్కుతాయి. తాళ్లరేవు వైపు చెక్క పడవలకు ఇదే మరమ్మతుల కాలం. పలక మార్చేది చెయ్యి తిరిగిన వడ్రంగి. పాత రంగు గీకేది రోజు కూలి. మా పేట నుంచి వెళ్లినవాళ్లకు దొరికేది ఆ గీకుడే. ఇంటర్ సెలవుల్లో నేనూ గీకాను. సాయంత్రం ఉమ్మితే ఎర్రగా పడేది. "రంగేలేరా, రక్తం కాదు" అని నవ్వేవాడు చిన్నాన్న.

ఆ ఎర్రరంగు సిందూరం. క్లాసులో ఆ మాటకి పాపిట బొట్టని అర్థం చెప్పి ఊరుకుంటాం. నిఘంటువులో ఇంకో అర్థముంది: ఎర్ర సీసం. దాని బరువులో 90 శాతం సీసమే. అవిసె నూనెలో కలిపి పడవలకు పూసేవారు, పలకల సందుల్లో ముద్దగా కూరేవారు. పొడిగా గీకితే దుమ్మై, మంటతో కాలిస్తే పొగై ఒంట్లోకి పోతుంది. ఎముకల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. బట్టలకంటుకుని ఇంటికొచ్చిన దుమ్ము పిల్లల మెదడుకు చేటు. ప్రమాదం లేని మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

మరి చట్టం? 2017 నవంబర్ 1 నుంచి ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదు. ఆ రక్షణ గోడకే, పడవకు కాదు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో తెలియజేయాల్సిన జబ్బుల పట్టిక సీసం విషంతోనే మొదలయ్యేది. కానీ కరెంటుంటే పదిమంది, లేకపోతే ఇరవైమంది ఉంటేనే ఆ చట్టానికి అది ఫ్యాక్టరీ అయ్యేది. గట్టు మీద అయిదుగురు గీకితే లెక్కలోకి వచ్చేవారు కాదు.

చిన్నాన్నకు నలభై దాటకముందే మణికట్లు వాలిపోయాయి. ఆసుపత్రిలో తాగుడన్నారు. సీసమేనని నేను చెప్పలేను. రక్తం పరీక్షించకుండా తాగుడని వాళ్లెలా చెప్పారు? పేట మనిషి జబ్బుకు కారణం ముందే రాసిపెట్టి ఉంటుందా?

కూలి పెంచాలన్న మీటింగుల్లో నేనూ చెయ్యెత్తాను. ఇప్పుడు అది చాలదంటున్నాను. చెక్క పడవ వద్దనడం లేదు, ఆ పనిమీద బతికేది మనమే. తడిపి గీకాలి. రంగు కాల్చకూడదు. తువ్వాలు కాదు, దుమ్మునాపే మాస్కు ఇవ్వాలి. అన్నానికి ముందు సబ్బూ నీళ్లూ, పని బట్టలు అక్కడే. ఈ ఖర్చు పడవ యజమానిది. రక్తంలో సీసం పరీక్ష సర్కారు ఉచితంగా చెయ్యాలి.

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూశారు. ఆయన ఫొటోకి దండేసే మనం, ఈ నిషేధ కాలంలో ఒక్కసారి గట్టుకెళ్లి గీకేవాళ్లెవరో చూసొద్దాం. తర్వాతి డిమాండ్ల కాగితం వాళ్ల పక్కన కూర్చుని రాద్దాం.