గ్రామఫోను గుయ్యిమన్నా నాకు వినపడలేదు

పోయిన నెల కుట్టుమిషను సంగతి రాసినాను. ఈ నెల మా నాయన గ్రామఫోను పెట్టె సంగతి.

మాది హిందూపురం పక్క పల్లె. మగ్గాల పనికి దొడ్డబళ్ళాపురం వచ్చినప్పుడు నాయన ఈ పెట్టెను రైల్లో ఒళ్ళో పెట్టుకొని తెచ్చినాడు. దీనికి కరెంటు అక్కర్లేదు, హ్యాండిల్ తిప్పి కీ ఇస్తే చాలు. మన దేశంలో గౌహర్ జాన్ లాంటి వాళ్ళ పాటలు 1902లోనే కలకత్తాలో ప్లేట్ల కెక్కినాయి. అవి మన పల్లెలకు చేరేసరికి చానా ఏండ్లు పట్టింది. మా నాయనకు ఘంటసాల పాడిన పుష్పవిలాపం అంటే ప్రాణం. ఆ ప్లేటు ఇప్పటికీ ఇంట్లో ఉంది.

మొన్న పండక్కి పెట్టె దించి కీ ఇచ్చినాను. ప్లేటు తిరుగుతుంటే ఉండుండి లోపల దబ్ దబ్ మని కొట్టింది. పాట కూడా వణికింది. పాత మగ్గాల మేస్త్రి ఒకాయన మా వీధిలోనే ఉన్నాడు. ఇద్దరం కలిసి విప్పినాము.

లోపల మూడు భాగాలు. స్ప్రింగు చుట్టిన డబ్బా ఒకటి, పళ్ళ చక్రాలు, చివర గవర్నరు. గవర్నరుకు మూడు సన్న రేకులు, ఒక్కోదానికి ఒక గుండు ఉంటాయి. వేగం పెరిగితే గుండ్లు బయటికి విచ్చుకొని ఒక బిళ్ళను లాగుతాయి. ఆ బిళ్ళ తోలు ముక్కకు ఒరుసుకొని వేగం తగ్గుతుంది. ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరిగేది దీని వల్లే.

దబ్ దబ్ శబ్దం డబ్బాలోది. గ్రీజు ఎండి బంక అయితే స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకొని ఒక్కసారిగా ఊడతాయి. అప్పుడే ఆ దెబ్బ. ఒక మాట గట్టిగా చెప్తా: కీ పూర్తిగా దిగకుండా డబ్బా ముట్టుకోవద్దు. బ్రేకు తీసి, ప్లేటు తిరిగే తట్ట తనంతట తాను ఆగేదాకా వదలాల. కీ దిగినా డబ్బాలో స్ప్రింగు బిగిసే ఉంటుంది. పట్టు తప్పితే చెయ్యి కోస్తుంది. మేము మందం గ్లౌజులు, కళ్ళద్దాలు వేసుకొని, డబ్బాకు గోనెపట్టా చుట్టి, చుట్టు చుట్టుగా బయటికి తీసినాము. అలవాటు లేనోళ్ళు తెలిసిన మెకానిక్ చేతికే ఇవ్వండి. కిరసనాయిలుతో కడిగి, బాగా ఆరబెట్టి, గ్రాఫైటు కలిసిన గ్రీజు పూసి మళ్ళా చుట్టినాము. దబ్ దబ్ పోయింది.

నేను సంతోషపడి కాఫీ పెట్టమన్నాను. అప్పుడు మా మనవరాలు అనింది:

"తాతా, ఇంకా గుయ్యిమంటోంది."

"యాడమ్మా? నాకేం లేదే."

"ఉంది తాతా. సన్నగా, దోమ మాదిరి."

మేస్త్రిని చూసినాను. ఆయనకూ వినపడలేదు. ఇద్దరం కలిపి డెబ్బై ఏండ్లకు పైగా పవర్‌లూమ్ షెడ్డులో నిలబడినోళ్ళం. మగ్గంలో ఒక బోల్టు వదులైతే చప్పుడు బట్టి చెప్పేవాళ్ళం. ఆ చెవులే ఇవి. షెడ్డు చప్పుడు ముందు సన్న శబ్దాలనే తినేస్తుంది. మాటలు వినపడుతుంటాయి కాబట్టి మనకు చానా కాలం తెలీదు. పోయిన ఆ వినికిడి మందులతో తిరిగి రాదు.

గుయ్యిమనేది గవర్నరు దగ్గర. పాప జడ వెనక్కి కట్టించి, పొడుగు స్క్రూడ్రైవరు కొనను కదలని ఇనుప చట్రానికి ఆనించి, పిడి చెవికి పెట్టించినాను. మా పెట్టెలో గవర్నరు కడ్డీ చివర బుషు ఉంది. దాని స్క్రూ వదులు చేసి కొంచెం తిప్పితే పళ్ళ పట్టు బిగుస్తుంది, సడలుతుంది. నేను తిప్పుతున్నాను, పాప చెప్తోంది: "ఎక్కువైంది... ఇంకా... ఇప్పుడు తగ్గింది, ఆపు తాతా." అక్కడే బిగించినాను. తోలు ముక్కకు, బుషులకు ఒక్కో చుక్క సన్న నూనె వేసినాను. ప్లేటు కింద కాయితం ముక్క పెట్టి, ముల్లు ఆనించి, గడియారం చూసి లెక్కపెడితే 78 సరిపోయింది. ముల్లు మాత్రం ప్లేటుకు ఒక్కో వైపు ఆడినాక మార్చాల. లేకుంటే ప్లేటు అరుగుతుంది.

పుష్పవిలాపం పెట్టినాము. పద్యం నాకు వినపడింది. దాని వెనక సన్నగా ఇంకేముందో పాపకే తెలుసు.

ఇప్పుడు మా అబ్బోడు అదే షెడ్డులో ఉన్నాడు. ఫ్యాక్టరీల నియమాల్లో 8 గంటలకు 90 డెసిబెల్స్ హద్దు పెట్టినారు. నాలుగు మగ్గాలు ఆడే చోట పక్కనోడితో మాట్లాడాలంటే అరవాల్సి వస్తే, చెవులకు చేటు ఉన్నట్టే లెక్క. చెవిలో దూది పెట్టుకుంటే సరిపోదు. మందుల అంగట్లో స్పాంజి బిరడాలు దొరుకుతాయి. వేళ్ళతో నలిపి సన్నగా చేసి లోపలికి పెట్టి, ఉబ్బేదాకా పట్టుకోవాల. ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్నోళ్ళు చెవి పరీక్ష అడగండి. పని చోటు చప్పుడుతో వచ్చే చెవుడు వృత్తి జబ్బుల పట్టికలో ఉంది.

మా అబ్బోడికి ఒక జత కొనిచ్చినాను. "అందరూ నవ్వుతారు నాయనా" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. పెట్టెకు కీ ఇచ్చి, మనవరాలిని పిలిచి, ఏమేం వినపడుతోందో వాళ్ళ నాయనకు చెప్పమన్నాను. మరుసటి రోజు బిరడాలు జేబులో వేసుకొని పోయినాడు. చెవిలో పెట్టుకున్నాడో లేదో వచ్చే నెల రాస్తా.